మందు మొదలుపెట్టాక కాలు నిలవకపోతే ఏం చేయాలి

మానసిక వైద్యానికి మాత్రలు మొదలుపెట్టిన కొద్ది రోజులకే మనిషి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడా? కూర్చున్న రెండు నిమిషాలకే లేచిపోతున్నాడా? నిలబడ్డచోట కూడా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఒరుగుతూనే ఉన్నాడా? అయితే జబ్బు ముదిరిందని వెంటనే అనుకోకండి. ఆ మాత్రే అలా చేస్తుండవచ్చు. డాక్టర్లు దీన్ని అకథీసియా అంటారు.

కనిపెడితే చాలావరకు తగ్గించగలిగిన ఇబ్బందే ఇది. కనిపెట్టకపోతేనే చిక్కు. ఇంట్లోవాళ్ళు "జబ్బు ఎక్కువైంది సార్" అంటారు, డాక్టరు డోసు పెంచుతారు, డోసు పెరిగాక తిరుగుడు ఇంకా పెరుగుతుంది, మళ్ళీ ఆస్పత్రికి పరుగు. ఇది ఇలా ముదరకుండా ఆపాలంటే కావలసినవి మూడే: మందుల తేదీలు, ఒక నోటుబుక్కు, ఫోన్‌లో ఒక నిమిషం వీడియో.

ఆగకూడని సందర్భాలు

మిగతాది చదివే ముందు ఇవి ఉన్నాయేమో చూడండి.

"ఇలా బతకడం కంటే పోవడం నయం" అన్న మాట వస్తే అది పైపై మాట అనుకోవద్దు. ఈ లోపలి అలజడి భరించలేనంతగా ఉంటుంది. అంతకుముందు ఎప్పుడూ అలాంటి ఆలోచన రానివాళ్ళకు కూడా దీనివల్ల రావచ్చు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుల మందు, మిగిలిన మాత్రల స్టాకు ఇంట్లోంచి తీసేసి వేరేచోట పెట్టండి. డాక్టరుకు ఫోన్ చేసి "ఈ ఆలోచనలు ఫలానా మాత్ర మొదలుపెట్టాకే వచ్చాయి" అని స్పష్టంగా చెప్పండి. డాక్టరు దొరక్కపోతే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కు చేయండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. చేయి దాటేలా ఉంటే 108. అమెరికాలో ఉన్నవాళ్ళకు 988.

జ్వరం, ఒళ్ళు కర్రలా బిగుసుకుపోవడం, చెమటలు, మాట తడబడి మనుషుల్ని గుర్తుపట్టలేకపోవడం: ఇవి కలిసి వస్తే అది అకథీసియా కాదు, ప్రాణం మీదికి వచ్చే వేరే దుష్ప్రభావం. తర్వాతి డోసు ఇవ్వకుండా, మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని నేరుగా క్యాజువాలిటీకి వెళ్ళండి.

మెడ ఒకవైపుకు తిరిగి బిగుసుకుపోవడం, కళ్ళు పైకి వెళ్ళిపోవడం, దవడ పట్టేయడం, నాలుక మందంగా బయటికి రావడం కూడా ఈ మందుల పనే. చూసినవాళ్ళు ఫిట్స్ అంటారు, గాలి సోకిందంటారు. ఆస్పత్రిలో ఒక ఇంజెక్షన్‌తో చాలామందికి అరగంట లోపే సడలుతుంది. అంతవరకు మెడను బలవంతంగా తిప్పడం, నోట్లో చెంచా పెట్టడం లాంటివి చేయకండి.

1. ఇది అదేనా, కాదా?

రెండు నిమిషాల పరీక్ష ఒకటి ఉంది. 1989లో బార్న్స్ తయారుచేసిన కొలమానంలో డాక్టర్లు చేసేదే, ఇంట్లో కూడా చేయవచ్చు. చేతులు లేని కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్ష అని చెప్పకుండా పంటల గురించో క్రికెట్ గురించో రెండు నిమిషాలు మాట్లాడించండి. తర్వాత నిలబెట్టి ఇంకో రెండు నిమిషాలు. మీరు చూడాల్సింది కాళ్ళను. కూర్చున్నప్పుడు పాదాలు నేలకు రాస్తున్నాడా, మోకాళ్ళు ఊపుతున్నాడా, కాలు మీద కాలు వేసి తీసి మళ్ళీ వేస్తున్నాడా? నిలబడ్డప్పుడు నడుస్తున్నట్టు అక్కడే అడుగులు వేస్తున్నాడా? ఇది పక్క నుంచి చూస్తున్న రెండో మనిషి కంటికి బాగా ఆనుతుంది. మాట్లాడించేవాళ్ళు మొహం చూస్తూ కాళ్ళు మరిచిపోతారు.

ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటే: "కూర్చోవాలని లేదా, కూర్చోవాలని ఉన్నా కూర్చోలేకపోతున్నావా?" అకథీసియా ఉన్నవాళ్ళు రెండోదే చెబుతారు. లోపల ఏదో పీకుతున్నట్టు, ఒంట్లో పాకుతున్నట్టు, కాళ్ళు గుంజుతున్నట్టు, ఎక్కడా తోచనట్టు ఉందంటారు. బైపోలార్ జబ్బులో ఉత్సాహం ఉప్పొంగే దశలో తిరిగేవాళ్ళకు తిరగడమే ఇష్టం, పనులూ పథకాలూ బుర్రనిండా ఉంటాయి, తిరుగుతున్నానని వాళ్ళు బాధపడరు. ఆందోళన ఉన్నవాళ్ళకు దాని వెనక సాధారణంగా ఒక ఆలోచన ఉంటుంది: అప్పు, పరీక్ష, పిల్ల పెళ్ళి. అకథీసియాలో ఆలోచన ఏమీ లేకుండానే ఒళ్ళు నిలవదు.

సాయంత్రం అయ్యాక, పడుకున్నప్పుడే పిక్కల్లో పాకినట్టుండి, లేచి నాలుగడుగులు వేస్తే హాయిగా ఉంటే అది రెస్ట్‌లెస్ లెగ్స్ అనే వేరే ఇబ్బంది కావచ్చు. అకథీసియా పగలంతా ఉంటుంది. నడుస్తున్నంతసేపూ కొంచెం నయం, ఆగగానే మళ్ళీ మొదలు. కొన్ని మాత్రలు రెండింటినీ తెస్తాయి కాబట్టి ఏ సమయంలో ఎక్కువ ఉందో రాసిపెట్టుకోవడం మంచిది.

నోరు విప్పి చెప్పుకోలేనివాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు, మతిమరుపు జబ్బుకు హాలోపెరిడాల్‌ లేదా రిస్పెరిడోన్ వాడుతున్న పెద్దవాళ్ళు "నాకు కుదురు లేదు" అనరు. కొడతారు, గిల్లుతారు, అరుస్తారు, అన్నం ముందు కూర్చోరు, రాత్రి తలుపులు తీసుకుని వెళ్ళిపోతారు. కోపం తగ్గడానికి మొదలుపెట్టిన మాత్ర తర్వాత కోపం పెరిగితే ముందు ఆ మాత్రనే అనుమానించండి. "నేను మందు వేసుకోను" అని మొండికేసేవాళ్ళలో కూడా చాలామందికి అసలు కారణం ఇదే. అడిగితే తప్ప చెప్పరు.

2. ఏ మందు వల్లో పట్టుకోండి

ఈ మందుల్లో చాలావరకు మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. భ్రమలు, లేని మాటలు వినబడటం తగ్గేది అందువల్లే. ఒంటి కదలికల నిలకడకు కూడా ఆ రసాయనమే కావాలి కాబట్టి ఇబ్బంది అక్కడ బయటపడుతుంది.

హాలోపెరిడాల్, ట్రైఫ్లూపెరజీన్, ఫ్లూఫెనజీన్ లాంటి పాత మందుల్లో ఇది ఎక్కువ. కొత్తవాటిలో రిస్పెరిడోన్ డోసు పెరిగేకొద్దీ వస్తుంది. ఆరిపిప్రజోల్, కారిప్రజీన్, లురాసిడోన్‌లతోనూ బాగానే చూస్తాం. ఆరిపిప్రజోల్ "తేలిక మందు" అన్న పేరు తెచ్చుకుంది, బరువు విషయంలో నిజంగా తేలికే, ఈ విషయంలో మాత్రం కాదు. ఓలాంజపీన్‌తో తక్కువ, క్వెటియాపీన్, క్లోజపీన్‌లతో ఇంకా తక్కువ. డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలీన్, ఫ్లూఆక్సెటీన్‌లు కూడా మొదటి వారాల్లో కొందరికి ఇలాగే చేస్తాయి.

మానసిక వైద్యుడి చీటీలో లేని మందులు కూడా ఉంటాయి, చాలామంది పట్టించుకోనివి అవే. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ (పెరినార్మ్), కళ్ళు తిరగడానికి ఇచ్చే ప్రోక్లోర్‌పెరజీన్ (స్టెమెటిల్), గ్యాస్‌కు పాంటాప్రజోల్‌తోనో రాబెప్రజోల్‌తోనో కలిపి ఇచ్చే లీవోసల్‌పిరైడ్, టెన్షన్ మాత్రగా నెలల తరబడి వాడే ఫ్లూపెంటిక్సాల్, మెలిట్రసిన్ కలిపిన మాత్ర. ఇవన్నీ డోపమైన్‌ను అడ్డుకునేవే. మానసిక జబ్బు ఏదీ లేకుండా గ్యాస్ మాత్ర వల్లే రాత్రంతా తిరిగేవాళ్ళూ ఉంటారు.

ఇప్పుడు ఇంట్లో ఉన్న అట్టలన్నీ బల్ల మీద పరచండి. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు కాదు, చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు, మిల్లీగ్రాములు చదవండి. ఇక్కడ బయటపడే పొరపాట్లు దాదాపు ప్రతి ఊళ్ళో ఒకటే. కంపెనీ మారి పేరు మారడంతో పాత అట్ట, కొత్త అట్ట రెండూ వేసుకోవడం ఒకటి. 2 మిల్లీగ్రాములది దొరకలేదని షాపువాడు 4 ఇస్తే సగం చేయకుండా మింగడం ఇంకొకటి. రిస్పెరిడోన్ మాత్ర పేరు చివర "ప్లస్" అని ఉంటే చాలావరకు అందులో ట్రైహెక్సీఫెనిడిల్, అంటే పాసిటేన్ కలిసే ఉంటుంది. అది తెలియక విడిగా మళ్ళీ పాసిటేన్ వేసుకుంటే నోరు ఎండి, మలబద్ధకం పట్టి, పెద్దవాళ్ళయితే అయోమయంలో పడతారు.

డోసు మారకుండానే ఇబ్బంది మొదలైందంటే కొత్తగా ఏం చేరిందో చూడండి. ఫ్లూఆక్సెటీన్, పారాక్సెటీన్ చేరితే రిస్పెరిడోన్, ఆరిపిప్రజోల్ ఒంట్లో ఎక్కువ నిలుస్తాయి, మాత్ర అదే అయినా డోసు పెంచినంత పని అవుతుంది. ఓలాంజపీన్ వాడే మనిషి సిగరెట్లు మానేసినా అంతే. మానేయడం మంచిదే, డాక్టరుకు ముందే చెప్పి మానేయాలి.

3. నోటుబుక్కులో ఇలా రాయండి

ఓపీలో మీకు దొరికేది మూడు నాలుగు నిమిషాలు. "చాలా రోజుల నుంచి బాలేదు సార్" అంటే ఆ సమయం వృథా. ఇలా ఒక్క పేజీ చాలు:

రిస్పెరిడోన్ 2 మి.గ్రా. రాత్రి – 3వ తేదీ నుంచి
రిస్పెరిడోన్ 4 మి.గ్రా. రాత్రి – 10వ తేదీ నుంచి
కాలు నిలవకపోవడం – 12వ తేదీ సాయంత్రం మొదలు
14వ తేదీ: ఉదయం 8కి పదికి 4, మధ్యాహ్నం 1కి 7, సాయంత్రం 6కి 8, పడుకోబోయే ముందు 6. నిద్ర 3 గంటలు. రెండు పూటలా అన్నం నిలబడి తిన్నాడు. టీ 4 సార్లు.

అలజడికి పదికి ఎన్ని మార్కులన్నది (అలజడి ఎక్కువైతే మార్కులు ఎక్కువ) ఆ మనిషే చెప్పాలి, మీరు వేయకూడదు. నిలబడి తిన్నాడు, సీరియల్ మధ్యలో ఎన్నిసార్లు లేచాడు లాంటివి మీరు రాయండి. ఈ ఇబ్బంది సాధారణంగా మందు మొదలుపెట్టిన, లేదా డోసు పెంచిన కొద్ది రోజుల నుంచి ఆరు వారాల లోపు వస్తుంది. పేజీలో ఆ రెండు తేదీలు పక్కపక్కన కనిపిస్తే డాక్టరుకు వేరే వివరణ అక్కర్లేదు. నెలల తర్వాత రావడం, మందు తగ్గించినప్పుడు లేదా ఆపినప్పుడు రావడం కూడా ఉంది. అందుకే ఆపిన తేదీలు కూడా రాయాలి.

వీడియో ఒక నిమిషం చాలు, కాళ్ళు కనిపించాలి. ఆ మనిషిని అడిగే తీయండి.

4. డాక్టరును కలిసేదాకా

మాత్రలు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి. అసలు జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఒకటి, ఆపడం వల్లే కాలు నిలవకపోవడం కొన్నాళ్ళు పెరగడం ఇంకొకటి. ఫోన్ చేయండి. డోసు ఈ వారమే పెంచి ఉంటే "మునుపటి డోసుకు వెళ్ళమంటారా?" అని సూటిగా అడగండి. చాలా సందర్భాల్లో ఫోన్‌లోనే జవాబు దొరికే ప్రశ్న ఇది. వాంతులకో గ్యాస్‌కో ఇచ్చిన మాత్ర మీద అనుమానం ఉంటే అది రాసిన డాక్టరుకు ఫోన్ చేసి, తర్వాతి డోసు మానవచ్చా అని అడగండి. వాటిని మానేయడం సాధారణంగా తేలికే.

పక్కింటివాళ్ళ ఆల్‌ప్రజోలామ్, షాపులో అడిగి తెచ్చిన నిద్రమాత్ర వద్దు. మద్యం అసలే వద్దు, కల్లు కూడా. తాగిన రాత్రి కాస్త మత్తుగా అనిపించినా మర్నాడు అలజడి రెట్టింపవుతుంది.

5. డాక్టరు దగ్గర ఏ మాట వాడాలి

ఇక్కడ మాట ఎంపికే సగం వైద్యం. "ఆందోళనగా ఉంది" అంటే ఆందోళనకు మాత్ర చేరుతుంది. "చిరాకు పడుతున్నాడు, మాట వినడం లేదు" అంటే డోసు పెరుగుతుంది. "నిద్ర లేదు" అంటే నిద్రమాత్ర. ఇలా చెప్పండి: "డోసు 4 చేసిన రెండో రోజు నుంచి కూర్చోలేకపోతున్నాడు. కూర్చోవాలని ఉందట, కాళ్ళు నిలవడం లేదట. మందు వల్ల వచ్చే అకథీసియా ఏమో చూడండి." పేరు పెట్టి అడిగితే డాక్టరుకు కోపం వస్తుందని మొహమాటపడకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స గురించీ, దాని దుష్ప్రభావాల గురించీ అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం రోగి హక్కు.

ఆస్తమా ఉందా, షుగర్ ఉందా, బీపీ తక్కువా, గుండె జబ్బా, గర్భమా, పాలిచ్చే తల్లా? ఇవి వాళ్ళు అడగకముందే చెప్పండి. రక్తపరీక్ష రాస్తే హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా చూడమని అడగవచ్చు. ఒంట్లో ఇనుము నిల్వలు తక్కువైతే ఈ ఇబ్బంది ఎక్కువ కావచ్చు, మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉంది. ఐరన్ మాత్ర ఇస్తే టీతో వేసుకోకండి, టీ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

6. డాక్టరు ఏం చేస్తారు, మీరు దాన్ని ఎలా వాడాలి

మొదటి దారి డోసు తగ్గించడం, లేదా నెమ్మదిగా పెంచడం. రెండోది మందు మార్చడం. పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ వారం రెండు వారాలు పట్టవచ్చు, కాబట్టి ఏ రోజు ఏది ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండి, నోటి లెక్క వద్దు. ఈ రెండూ కుదరకపోతే, అంటే జబ్బు ఇప్పుడిప్పుడే అదుపులోకి వస్తున్న దశ అయితే, అలజడి తగ్గించే మందు చేరుస్తారు.

ఎక్కువగా చేర్చేది ప్రొప్రనలోల్. షాపులో "ఇది బీపీ మాత్ర కదా, గుండె మాత్ర కదా" అంటే కంగారు పడి మానేసేవాళ్ళు చాలామంది. ఈ పనికీ అదే వాడతారు. సాధారణంగా 10 మి.గ్రా. రోజుకు రెండు మూడు సార్లతో మొదలుపెట్టి, నాడి, బీపీ చూస్తూ రోజు మొత్తానికి 40 నుంచి 80 వరకు వెళ్తారు. ఆస్తమా ఉన్నవాళ్ళకు ఇది పనికిరాదు, ఊపిరి బిగుసుకుంటుంది. షుగర్‌కు ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవాళ్ళలో షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు తెలియకుండా కప్పేస్తుంది. చెమట మాత్రం పడుతుంది, ఆ గుర్తు చూసుకోవాలి.

వేసుకునే ముందు నాడి చూడటం నేర్చుకోండి. అరచేయి పైకి తిప్పి, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. 60 కంటే తక్కువ ఉంటే డాక్టరును అడిగాకే వేసుకోవాలి. మంచం మీంచి లేచేటప్పుడు ముందు అంచున కూర్చుని, కాళ్ళు ఆడించి, తర్వాత లేవాలి. పేరు చివర "ఎల్‌ఏ" (ఎక్కువసేపు పనిచేసే రకం) లేని మాత్ర కొన్ని గంటలే పనిచేస్తుంది. మూడు పూటలు రాస్తే మూడు పూటలూ వేసుకోవాలి, మధ్యాహ్నం మరిచిపోతే సాయంత్రానికి కాళ్ళే గుర్తుచేస్తాయి. "ఎల్‌ఏ" ఉన్నదాన్ని నలపకూడదు, కొరకకూడదు. మేలు చేసేదైతే కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది. వారం దాటినా మార్కులు కదలకపోతే ఫోన్ చేయండి. తగ్గాక కూడా ఒక్కరోజులో ఆపకూడదు, మెట్లుమెట్లుగా దించాలి.

ప్రొప్రనలోల్ పడనివాళ్ళకు రాత్రి పూట మిర్టజాపీన్ 15 మి.గ్రా. లోపు ఇవ్వడం ఉంది. నిద్ర, ఆకలి, బరువు పెరుగుతాయి. బైపోలార్ ఉన్నవాళ్ళలో ఉత్సాహ దశను రేపవచ్చు కాబట్టి ఆ చరిత్ర చెప్పాలి. క్లోనజెపామ్ 0.25 లేదా 0.5 మి.గ్రా. కొద్ది రోజులకు, మహా అయితే కొద్ది వారాలకు ఇస్తారు. హాయిగా ఉంది కదా అని పాత చీటీ చూపించి కొనుక్కుంటూ పోతే అలవాటు పడుతుంది. అది వాడుతున్న రోజుల్లో బండి నడపకండి.

పాసిటేన్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర దాన్ని ప్రతి చీటీలోనూ చూస్తాం. చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకోవడం, నోట్లోంచి చొంగ కారడం ఉంటే అది పనిచేస్తుంది. వట్టి కాలు నిలవకపోవడానికి దాని మేలు అంతంతమాత్రం. అందుకే "పాసిటేన్ వేస్తున్నా తగ్గలేదు, కాబట్టి ఇది మందు వల్ల కాదు" అన్న తర్కం నిలవదు. ప్రోస్టేట్ వాపు ఉన్న పెద్దాయనకు మూత్రం ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది.

నెట్‌లో చూసి బి6 విటమిన్ గుప్పెడు మింగడం మొదలుపెట్టకండి. దీని మీద చిన్న ప్రయోగాలు జరిగిన మాట నిజమే, వాటిలో వాడింది రోజుకు 600 నుంచి 1200 మి.గ్రా., అదీ కొద్ది రోజులే. పెద్ద డోసులో ఎక్కువకాలం వాడితే నరాలు దెబ్బతిని పాదాలు తిమ్మిరెక్కుతాయి.

7. తగ్గేదాకా రోజులు ఎలా గడపాలి

డోసు తగ్గించిన మర్నాడే ఫలితం చూడకండి. ఆరిపిప్రజోల్ ఒంట్లో సగం కావడానికే సుమారు మూడు రోజులు పడుతుంది, పూర్తిగా పోవడానికి రెండు వారాలు. రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ మాత్రలైతే ఇంకా త్వరగా.

"కాసేపు కుదురుగా కూర్చోలేవా?" అన్న మాట ఇంట్లో నిషేధించండి. కూర్చోలేకపోవడమే జబ్బు. తలుపు గడియపెట్టడం, కట్టేయడం అలజడిని పదింతలు చేస్తాయి. తిరగనివ్వండి. తిరిగే దారి సిద్ధం చేయండి: వరండాలోనో మేడ మీదో బట్టల దండెం, చెప్పులు, వైర్లు తీసేసి, రాత్రి ఒక దీపం ఉంచండి. మేడకు పిట్టగోడ లేకపోతే మేడ వద్దు. గుడి దగ్గరుంటే ప్రదక్షిణలు ఎవరికీ వింతగా కనిపించవు, ఎంతసేపు తిరిగినా అడిగేవాళ్ళు ఉండరు.

వేసవిలో నడక ఉదయం 8 లోపు, సాయంత్రం 6 తర్వాతే. ఈ మందులు ఒంటి వేడిని సర్దుకునే శక్తిని తగ్గిస్తాయి, పాసిటేన్ చెమటను కూడా తగ్గిస్తుంది, అందుకే వడదెబ్బ త్వరగా తగులుతుంది. నీళ్ళ సీసా, మజ్జిగ వెంట ఉండాలి. లిథియం వాడేవాళ్ళకు ఒంట్లో నీరు తగ్గితే మందు విషమయ్యే ప్రమాదం ఉంది, వాళ్ళు మరీ జాగ్రత్త. పాదాలు రోజూ రాత్రి చూడండి. షుగర్ ఉన్నవాళ్ళు గంటలకొద్దీ చెప్పుల్లేకుండా తిరిగి బొబ్బలు తెచ్చుకుంటారు, తెలియదు.

తిండి కూర్చునే తినాలన్న పట్టు వదిలేయండి. పెరుగన్నం, పప్పన్నం గిన్నెలో కలిపి చేతికిస్తే తిరుగుతూ తింటారు. ఇడ్లీ, చపాతీ చుట్ట, అరటిపండు ఇంకా సులువు. ఇంతగా తిరిగితే బరువు తగ్గుతారు కాబట్టి రెండు పూటల బదులు ఐదు చిన్న పూటలు పెట్టండి. మింగుతూ నడిస్తే పొలమారుతుంది, ముద్ద మింగేటప్పుడు ఆగమని చెప్పండి.

టీ, కాఫీ ఈ అలజడిని పెంచవచ్చు. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుంది కాబట్టి రోజుకొక గ్లాసు తగ్గిస్తూ, మధ్యాహ్నం 2 దాటాక ఏదీ లేకుండా చూడండి. శీతల పానీయాల్లోనూ, జలుబు మాత్రల్లో కొన్నింటిలోనూ కెఫీన్ ఉంటుంది.

చేతులకు పని ఉంటే కాళ్ళ మీది ధ్యాస కొంత తగ్గుతుంది. నిలబడి చేసే పనులు చూడండి: బట్టలు ఆరేయడం, మొక్కలకు నీళ్ళు పట్టడం, గట్టు దగ్గర కూర తరగడం. లయగా ఊగడం కొందరికి బాగా పనిచేస్తుంది, ఇంట్లో ఉయ్యాల బల్ల ఉంటే దాన్ని వాళ్ళకు వదిలేయండి. ధ్యానం, కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చునే ప్రాణాయామం మాత్రం ఇప్పుడు చెప్పకండి. కదలకుండా ఉండమని అడగడమే వాళ్ళకు శిక్ష, చేయలేక తమనే తిట్టుకుంటారు.

ప్రయాణం తప్పదంటే బస్సు కంటే రైలు మేలు, పెట్టెలో నడవవచ్చు. బస్సే అయితే నడవా పక్క సీటు. ఆస్పత్రిలో టోకెన్ తీసుకుని, మీరు వరసలో కూర్చుని, ఆ మనిషిని వరండాలో తిరగనివ్వండి. ఫ్యాక్టరీలో యంత్రం దగ్గర, టవర్ మీద, లారీ స్టీరింగ్ దగ్గర పనిచేసేవాళ్ళు తగ్గేదాకా సెలవు పెట్టాలి.

రాత్రి పక్క మీద పొర్లుతూ గంటలు గడపనక్కర్లేదు. ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో కాసేపు నడిచి, గోరువెచ్చని నీళ్ళలో పాదాలు పెట్టుకుని మళ్ళీ పడుకోవచ్చు. ఆరిపిప్రజోల్ లాంటిది రాత్రి వేసుకుంటుంటే పొద్దున్నకు మార్చవచ్చా అని అడగండి. మూడు రాత్రులు వరసగా మూడు గంటల కంటే తక్కువ నిద్రపోతే, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

8. నెల సూది వేసుకునేవాళ్ళకు

ఫ్లూఫెనజీన్ డెకనోయేట్ లాంటి నూనె ఇంజెక్షన్ ఒకసారి వేశాక వెనక్కి తీయలేం, వారాలపాటు ఒంట్లో నెమ్మదిగా దిగుతూ ఉంటుంది. అలజడి సూది వేసిన రోజుల్లో ఎక్కువై, తర్వాతి సూది టైముకు తగ్గుతుంది. సరిగ్గా తగ్గిన రోజున డాక్టరును కలుస్తారు, "ఇప్పుడెలా ఉంది?" అంటే "బానే ఉంది" అంటారు, మళ్ళీ అంతే డోసు పడుతుంది. అందుకే సూది వేసిన తేదీ నుంచి రోజువారీ మార్కుల కాగితం తీసుకెళ్ళి, సూది వేయించుకోకముందే చూపించండి. నర్సు గదికి వెళ్ళాక చెబితే ఆలస్యం. డోసు తగ్గించడం, సూదికీ సూదికీ మధ్య రోజులు పెంచడం, మాత్రలకు మారడం అన్నీ ఆ ముందు నిమిషంలోనే జరగాలి.

9. తగ్గాక

అలజడి పోయాక ప్రొప్రనలోలో, క్లోనజెపామో ఎప్పుడు దించాలో డాక్టరుతో తేదీ వేయించుకోండి. తేదీ లేకపోతే అవి ఏళ్ళ తరబడి చీటీలో మిగిలిపోతాయి. దించిన వారంలో మళ్ళీ రెండు నిమిషాల పరీక్ష చేసి మార్కులు రాయండి.

ఫైలు మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి: ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాముల దగ్గర, ఎన్నో రోజుకు కాలు నిలవలేదు, దేనితో తగ్గింది. దాన్ని ఫోన్‌లోనూ ఫోటో తీసి ఉంచండి. ఒకసారి వచ్చినవాళ్ళకు అదే తరగతి మందుతో మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. మానసిక వైద్యుడికే కాదు, కడుపునొప్పికి వెళ్ళినా, ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే ముందైనా, వాంతుల ఇంజెక్షన్ రాసేవాళ్ళకు ఆ ఫోటో చూపించి "పెరినార్మ్ కాకుండా వేరేది రాయండి" అని అడగండి.